గోడకు గాడి కొట్టకముందే...

పైన రెండు గదులు వేసుకుందామనుకుంటారు. ఇటుక, ఇనుము, సిమెంటు లెక్క పక్కాగా కడతారు. ప్లంబింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఎంతో కొంత అవుతుందిలే' అని వదిలేస్తారు. ఆ 'ఎంతో కొంత' దగ్గరే బడ్జెట్‌కు చిల్లు పడుతుంది. అలా పడకుండా చూసుకోవడం ఎలా?

'ఎంతవుతుంది మేస్త్రీ?'

'మన ఇల్లే కదా సార్, మీకు తెలీనిదేముంది... చూసి ఇద్దురు లెండి.'

ఇల్లు కట్టించినవాళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. వింటున్నప్పుడు హాయిగానే ఉంటుంది. బేరం లేదు, పేచీ లేదు. మూడు నెలలు తిరిగేసరికి అదే మాట మెడకు చుట్టుకుంటుంది. 'ఇంతేనా సార్?' అని ఆయన, 'ఇంతా?' అని ఈయన. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. ఎవరి లెక్క వాళ్లది. ఆ రెండు లెక్కలూ ఒక్కసారి కూడా ఒక కాగితం మీదికి రాలేదు. అదీ అసలు సంగతి.

పైన వాటా వేసుకునేది డబ్బు ఎక్కువై కాదు కదా! అబ్బాయికి పెళ్లి కుదిరిందనో, రిటైరయ్యాక నెలనెలా నాలుగు రాళ్లు అద్దె వస్తుందనో వేస్తారు. ఆ సొమ్ము పీఎఫ్ నుంచి తీసిందో, బ్యాంకు అప్పో, పాడుకున్న చీటీయో అయి ఉంటుంది. శ్లాబు పడి, గోడలు లేచేసరికి చెయ్యి ఖాళీ అవుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే పైపులు, కొళాయిలు, బేసిన్ల బిల్లులు వరస కడతాయి. అవతల ప్లంబరు ఇబ్బంది కూడా తక్కువేం కాదు. బేసిన్ ఈ గోడకన్న యజమాని రెండ్రోజులకు ఆ గోడకంటాడు. టైల్స్ రాక పని పది రోజులు ఆగుతుంది. పెరిగిన పనికి డబ్బడిగితే 'ముందే చెప్పలేదే' అంటారు.

ప్లంబింగ్ గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. రేటు ఎంతన్నది అందరూ అడుగుతారు. ఆ రేటులో ఏమేం ఉన్నాయన్నది ఎవరూ అడగరు.

కింద ఇల్లుంది... అదే చిక్కు!

కొత్తగా కట్టే ఇంటికి ప్లంబింగ్ లెక్క సులువు. పాత ఇంటి మీద వేసే వాటాకు అంత సులువు కాదు. ఎందుకంటే కింద ఉన్న ట్యాంకు, పైపులు, చాంబర్లు అన్నింటినీ కదిలించాలి. ఎస్టిమేట్లలో తరచూ మరిచిపోయేవి ఇవే.

మొదటిది ట్యాంకు. ఇప్పటిదాకా అది డాబా మీద కూర్చుని ఉంది. ఇప్పుడా డాబాయే పై వాటాకు నేల అవుతుంది. ట్యాంకు ఇంకో అంతస్తు పైకెక్కాలి. పని జరిగినన్నాళ్లూ కింద ఉన్నవాళ్లకు నీళ్లు ఆగకూడదు కాబట్టి దాన్ని తాత్కాలికంగా ఒక పక్కకు జరిపి, మళ్లీ పైకెక్కించాలి. అంటే ఒకే ట్యాంకుకు రెండుసార్లు పని. మోటారు నుంచి పైకెళ్లే పైపు కూడా పొడుగవుతుంది. మోటారుకు అంత ఎత్తు తోసే శక్తి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ట్యాంకు ఎత్తు కూడా ముఖ్యమే. నీరు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. పై వాటా శ్లాబు మీదే ట్యాంకు పెట్టేస్తే, ఏడడుగుల ఎత్తులో ఉండే షవరుకు, ట్యాంకు అడుగుకు మధ్య మూడు నాలుగు అడుగుల తేడాయే ఉంటుంది. షవరు నుంచి నీళ్లు జారతాయి తప్ప చిమ్మవు. అందుకే మెట్లగది పైనో, దిమ్మె కట్టో ట్యాంకును ఎత్తులో పెడతారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే ఒక టన్ను. ఆ బరువు ఎక్కడ మోపాలన్నది ఇంజినీరు చెప్పాల్సిన మాట. ప్లంబరు మీదో, తాపీమేస్త్రీ మీదో వదలకూడదు.

ట్యాంకు పైకెళ్లేసరికి కింది వాటా పైపుల మీద ఇంకో పదడుగుల నీటి ఒత్తిడి పెరుగుతుంది. పాతికేళ్ల కిందటి జీఐ పైపులైతే తుప్పుపట్టిన జాయింట్లు అప్పుడే చెమర్చడం మొదలుపెడతాయి. 'పైన పని చేయిస్తే కింద కారుతోందేంటి?' అని ప్లంబరు మీద కేకలేస్తారు. కింది లైన్ల రిపేరు ఒప్పందంలో ఉందా లేదా అన్నది ముందే తేలిపోతే ఆ కేకలుండవు.

రెండోది ట్యాంకు పరిమాణం. ఇళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కవేయడం మన దేశంలో ప్రమాణం. కింద నలుగురు, పైన నలుగురు ఉంటే రోజుకు 1080 లీటర్లు. ఇప్పుడున్న వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కరోజుకే చాలదు. రెండో ట్యాంకు, దాని దిమ్మె, దాని పైపులు కూడా లెక్కలోకి రావాలి. పైన అద్దెకిచ్చే ఉద్దేశముంటే ఎవరి ట్యాంకు వాళ్లకు ఉండటమే మేలు. లేకపోతే మోటారు కరెంటు బిల్లు దగ్గర రోజూ ఒక పంచాయితీ.

మూడోది మురుగు. కొత్త మరుగుదొడ్డి గొట్టాలు ఎక్కడ కలుస్తాయి? పాత చాంబర్‌లోకా, కొత్తది కట్టాలా? సెప్టిక్ ట్యాంకు ఉంటే, పెరిగే మనుషులకు అది సరిపోతుందా? ఇంకొకటి... సెప్టిక్ ట్యాంకు నుంచి గాలి బయటికి పోయే గొట్టం ఇప్పుడు పాత డాబా ఎత్తులోనే ఆగి ఉంటుంది. దాన్ని పై వాటా కప్పు దాటేదాకా పెంచకపోతే ఆ వాసన నేరుగా కొత్త పడకగది కిటికీలోకే వస్తుంది. చిన్న పనే. కానీ గుర్తుండదు.

బాత్‌రూమ్ ఎక్కడ?

కొత్త ఇళ్లలో బాత్‌రూమ్ దగ్గర శ్లాబును కిందికి దించి పోస్తారు. ఆ గుంటలో గొట్టాలు దాగిపోతాయి. పై వాటాలో ఆ అవకాశం లేదు. ఎందుకంటే నేల ఎప్పుడో చదునుగా పోసిన పాత శ్లాబు. కాబట్టి దారులు మూడే.

నేలను ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఎత్తు చేసి గొట్టాలు దాని కింద నడపడం ఒకటి. గడప దాటి మెట్టెక్కినట్టుగా ఉంటుంది. ముసలివాళ్లకు ఇబ్బంది, పైగా నింపిన మట్టి, కాంక్రీటు బరువంతా పాత శ్లాబు మీద పడుతుంది. శ్లాబుకు రంధ్రం కోసి గొట్టాలను కింది గది పైకప్పుకు వేలాడదీయడం రెండోది. కింద కూడా బాత్‌రూమే ఉంటే చిక్కు లేదు. కింద పూజగదో, వంటిల్లో ఉంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ రంధ్రాలు యంత్రంతో కోయించాలి. బీములో, ముఖ్యమైన చువ్వలున్న చోట కోయకూడదు. ఎక్కడ కోయాలో ఇంజినీరు గీత గీసి చూపించాలి. మూడోది, గొట్టం వెనక్కి వచ్చే పి ట్రాప్ కమోడ్ పెట్టి నేరుగా బయటి గోడలోంచి బయటికి తీయడం. అప్పుడు కమోడ్ కోసం శ్లాబు ముట్టుకోనక్కర్లేదు. నేల నీళ్లు పోయే ట్రాప్ కోసం మాత్రం కాస్త ఎత్తు తప్పదు.

అందుకే గదులు గీసే రోజే ప్లంబింగ్ ఖర్చు చాలావరకు నిర్ణయమైపోతుంది. కింది బాత్‌రూమ్ మీదే పై బాత్‌రూమ్, బయటి గోడ పక్కనే కమోడ్, వంటింటికి దగ్గర్లోనే బాత్‌రూమ్ గోడ... ఇలా ఉంటే గొట్టం పొడుగు తగ్గుతుంది, మలుపులు తగ్గుతాయి. గోడలు లేచాక పిలిచే ప్లంబరును గీత గీసే రోజే ఒకసారి పిలిచి చూపించండి.

ఒకే ఇల్లు... 25 పాయింట్లా, 15 పాయింట్లా?

ఇంటి పని అంతా చదరపు అడుగుల్లో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ప్లంబింగ్‌కు ఆ కొలత అంతగా నప్పదు. రెండు గదులున్నా, మూడు గదులున్నా బాత్‌రూములు రెండే అయితే పని దాదాపు అంతే. అందుకే చాలామంది ప్లంబర్లు 'పాయింటుకు ఇంత' అంటారు. మరి పాయింటంటే ఏమిటి? ఇక్కడే కిటుకంతా ఉంది.

ఒక బాత్‌రూమ్ తీసుకుందాం. బేసిన్‌కు వేడినీళ్లు, చన్నీళ్లు రెండు. గీజరుకు లోపలికి ఒకటి, బయటికి ఒకటి మొత్తం రెండు. డైవర్టర్‌కు వేడి, చల్లన రెండు దారులు, షవరుకు ఒకటి, కింద బకెట్ కొళాయికి ఒకటి... నాలుగు. ఫ్లష్ ట్యాంకుకు ఒకటి, హెల్త్ ఫాసెట్‌కు ఒకటి. మొత్తం పది పాయింట్లు. ఇంకో ప్లంబరు ఇదే బాత్‌రూమ్‌ను ఐదు పాయింట్లంటాడు. బేసిన్ ఒకటి, గీజరు ఒకటి, డైవర్టర్ ఒకటి, ఫ్లష్ ఒకటి, ఫాసెట్ ఒకటి!

రెండు బాత్‌రూములున్న వాటా అనుకుందాం. వంటింటి సింక్‌కు ఒకటి, నీళ్లు శుద్ధిచేసే ఫిల్టరుకు ఒకటి, గిన్నెలు తోమే చోట ఒకటి, వాషింగ్ మెషీన్‌కు ఒకటి, బాల్కనీలో మొక్కలకు ఒకటి... ఈ ఐదూ కలిపితే మొదటి ప్లంబరు లెక్కలో 25, రెండో ఆయన లెక్కలో 15. మొదటాయన పాయింటుకు 500 రూపాయలన్నాడు, రెండో ఆయన 700 అన్నాడు అనుకోండి. వినగానే 500 చవకనిపిస్తుంది. గుణించి చూస్తే మొదటాయనకు 12,500, రెండో ఆయనకు 10,500. ఎక్కువ రేటు చెప్పిన మనిషే తక్కువకు చేస్తున్నాడు. కాబట్టి రేటు అడిగే ముందు పాయింట్లు లెక్కపెట్టించండి. ఒక తెల్లకాగితం మీద బాత్‌రూమ్ బొమ్మ గీసి, ప్రతి పాయింటు దగ్గరా చుక్క పెట్టమనండి. చుక్కలు లెక్కపెడితే సరి. ఇద్దరు ముగ్గురు ప్లంబర్లను అడిగినా అదే కాగితం చూపించండి. అప్పుడే పోల్చడానికి వీలవుతుంది.

కూలి లెక్క ఇలా...

ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. రేట్లు ఊరికో రకం, పనికో రకం. మీ వీధిలో ఈమధ్య పని చేయించినవాళ్లను అడిగి మీ అంకెలు మీరు వేసుకోవాలి.

నీళ్ల పాయింట్లు 25, ఒక్కోటి 500 చొప్పున 12,500. మురుగు పాయింట్లు, అంటే బేసిన్, సింక్, కమోడ్, నేల ట్రాపుల నుంచి నీళ్లు పోయే దారులు మన ఉదాహరణలో 11. ఒక్కోటి 600 చొప్పున 6,600. టైల్స్ అయ్యాక కమోడ్, బేసిన్, కొళాయిలు, గీజరు బిగించడానికి బాత్‌రూమ్‌కు 4,000 చొప్పున 8,000. వంటిల్లు, ఉతికే చోటు బిగింపు 1,500. ట్యాంకు జరపడం, మళ్లీ ఎక్కించడం, కనెక్షన్లు 5,000. బయటి గోడ వెంట దిగే గొట్టాలు, గాలి గొట్టం పెంచడం 4,000. మొత్తం 37,600.

ఇప్పుడు ఆ మొదటి సంభాషణ గుర్తుచేసుకోండి. 'పాయింటుకు అయిదొందలు' అన్న మాట విని యజమాని మనసులో వేసుకున్న లెక్క 12,500. మేస్త్రీ మనసులో ఉన్నది 37,600. మధ్యలో 25,100 రూపాయల తేడా. ఇందులో మోసం ఎక్కడుంది? మాట్లాడుకోకపోవడమే ఉంది.

దీనికి పదో వంతు, అంటే 3,760 కలిపి పక్కన పెట్టుకోండి. పాత గోడ తవ్వితే ఏం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బు మీ దగ్గరే ఉండాలి. అదనపు పని వచ్చినప్పుడే బయటికి తీయాలి.

మూడు రకాల ఒప్పందాలు

రోజు కూలి: చిన్న రిపేర్లకు, ఎంత పని పడుతుందో తెలియని పాత లైన్లకు ఇదే నయం. పెద్ద పనికి పెడితే రోజులు పెరుగుతాయి. ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి.

లేబర్ కాంట్రాక్టు: సామాను మీరు కొనిస్తారు, పని వాళ్లది. పాయింటుకో, బాత్‌రూమ్‌కో రేటు. నాణ్యత మీ చేతిలో ఉంటుంది. కానీ 'సార్, రెండు ఎల్బోలు తక్కువయ్యాయి' అంటే బండి తీసేది మీరే. సామాను ఆలస్యమై కూలీలు ఖాళీగా కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిదన్నది ముందే అనుకోవాలి.

సామానుతో సహా గుత్త: ఊళ్లో లేనివాళ్లకు, దగ్గరుండి చూసుకోలేని ఉద్యోగులకు, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఒంటరిగా పని చేయించే పెద్దవాళ్లకు ఇది తేలిక. అయితే సామాను పేరు, రకం, సైజు రాసుకోకపోతే తక్కువ రకం వేసినా అడిగే వీలుండదు. 'మంచి కంపెనీ పైపు' అని రాస్తే చాలదు. ఏ కంపెనీ, ఏ తరగతి, ఎన్ని అంగుళాలు అన్నదాకా రాయాలి.

సామాను చీటీ చదవడం నేర్చుకుందాం

షాపువాడి చీటీలో పేర్లు చూసి కంగారుపడక్కర్లేదు. ముఖ్యమైనవి కొన్నే.

మీగడ రంగులో ఉండేది సీపీవీసీ. వేడినీళ్లకు, చన్నీళ్లకు రెండింటికీ పనికొస్తుంది. తెల్లటి యూపీవీసీ చన్నీళ్లకే. గీజరు లైన్‌కు దాన్ని వాడకూడదు. మురుగుకు వాడేది ఎస్‌డబ్ల్యూఆర్ గొట్టం. ఇందులో రెండు రకాలుంటాయి. వాన నీటికి, గాలి గొట్టానికి 'ఎ' రకం. మరుగుదొడ్డికి, మురుగునీటికి గోడ మందంగా ఉండే 'బి' రకం. చీటీలో ఉత్త 'నాలుగంగుళాల పైపు' అని ఉంటే ఏ రకమో అడగండి. గొట్టం మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు రకం కూడా అచ్చువేసి ఉంటుంది.

పొడుగు కొలవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. పైపు వెళ్లే దారి వెంట గోడ మీద నూలుదారం పరిచి, ఆ దారాన్ని టేపుతో కొలవండి. పైపులు సాధారణంగా పదడుగుల ముక్కలుగా వస్తాయి కాబట్టి పదితో భాగించండి. కోతల్లో పోయే దానికి పదో వంతు కలపండి. ట్యాంకు దగ్గర లావుగా మొదలై, బాత్‌రూమ్‌కు వచ్చేసరికి ముప్పావు అంగుళం, కొళాయి దగ్గర అరంగుళం... ఇలా సైజు తగ్గుతూ వస్తుంది. ఒక్కో సైజుకు ఒక్కో దారం.

చాలామంది పైపుల ధర కనుక్కుని నిశ్చింతగా ఉంటారు. తీరా చూస్తే ఎల్బోలు, టీలు, కప్లింగులు, వాల్వుల బిల్లు పైపుల బిల్లును దాటిపోతుంది. కొళాయి బిగించే చోట వాడే ఇత్తడి మరల ఎల్బో మామూలు ఎల్బో కన్నా కొన్ని రెట్లు ఖరీదు. మన 25 పాయింట్లకు దాదాపు అన్ని ఇత్తడివి కావాలి. వాటిని విడిగా రాయించండి.

ప్లాస్టిక్ పైపులపై జీఎస్టీ 18 శాతం. చీటీలో ఉన్న ధర పన్నుతో కలిపా, కలపకుండానా? లక్ష రూపాయల సామానుకు 18 వేల తేడా ఇది. ముద్రించిన ధర మీద షాపులు తగ్గింపు ఇస్తాయి. ఒకే చీటీని రెండు మూడు షాపుల్లో చూపిస్తే తేడా తెలుస్తుంది. కొన్ని షాపులు ప్లంబర్లకు కమీషన్ ఇవ్వడం అందరికీ తెలిసిన విషయమే. దాని గురించి గొడవపడే కన్నా బిల్లు మీ పేరున తీసుకోవడం, మిగిలిన ఫిట్టింగులు వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగడం మేలు.

కొళాయిలు, కమోడ్, బేసిన్ల బడ్జెట్ వేరే కాగితం మీద రాసుకోండి. గోడలోపల ఉండే పైపుకు ఒక హద్దు ఉంటుంది కానీ, కంటికి కనిపించే కొళాయికి హద్దే లేదు. పొదుపు చేయాల్సి వస్తే ఈ రెండో దాంట్లో చేయండి. నచ్చని కొళాయి రేపు మార్చుకోవచ్చు. గోడలో పూడిన పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి.

ఎవరి పని ఎవరిది?

గోడకు గాడి కొట్టేది ప్లంబరు. పైపు పెట్టాక దాన్ని పూడ్చేదెవరు? తాపీమేస్త్రీ 'నా పని కాద'ంటాడు. శ్లాబుకు రంధ్రం కోసే యంత్రం అద్దె ఎవరిది? బాత్‌రూమ్ నేలకు నీరు దిగకుండా వేసే వాటర్‌ప్రూఫింగ్ ఎవరు చేయిస్తారు? టైల్స్‌కు రంధ్రాలు ఎవరు వేస్తారు, వేసేటప్పుడు టైల్ పగిలితే ఎవరు భరిస్తారు? చాంబర్ కట్టేదెవరు? పగలగొట్టిన పెంకులు, మట్టి కిందికి మోసేదెవరు?

ఈ ఆరు ప్రశ్నలకు ఎదురుగా ఆరు పేర్లు రాసుకుంటే చాలు. ప్లంబరు, తాపీమేస్త్రీ, టైల్స్ మేస్త్రీ ముగ్గురినీ ఒకరోజు ఒకేచోట కూర్చోబెట్టి రాస్తే ఇంకా మంచిది. ముగ్గురి మధ్య జారిపోయే పని చివరికి యజమాని ఖర్చులోనే పడుతుంది.

డబ్బు ఎప్పుడెంత?

పని మొదలయ్యేటప్పుడు పది శాతం అడ్వాన్సు. గోడలోపలి నీళ్ల లైన్లు పూర్తయి, పరీక్ష అయ్యాక ముప్ఫై అయిదు. మురుగు లైన్లు అయ్యాక పాతిక. అన్నీ బిగించి నీళ్లు వదిలాక ఇరవై. మిగిలిన పది, నెల రోజులు వాడి చూశాక. శాతాలు అటూ ఇటూ కావచ్చు. రెండు సంగతులు మాత్రం వదలకండి. ఒకటి, జరిగిన పని కన్నా ఇచ్చిన డబ్బు ఎక్కువ కాకూడదు. రెండు, పరీక్ష కాకుండా గోడ పూయకూడదు.

ఆ పరీక్ష ఎలాగంటే, పైపుల చివర్లన్నీ డమ్మీలతో మూసి, చేతిపంపుతో నీటి ఒత్తిడి ఎక్కిస్తారు. పంపుకున్న మీటరు ముల్లు దిగకుండా నిలబడాలి. దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. సీపీవీసీ జాయింట్లకు వాడిన సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు ఆగి ఈ పరీక్ష చేయడం మంచిది. మురుగు గొట్టాలకైతే కింద మూసి నీళ్లు నింపి మట్టం తగ్గుతుందేమో చూడాలి. వాటర్‌ప్రూఫింగ్ అయిన బాత్‌రూమ్ నేల మీద ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింది గది కప్పు చెమ్మగిల్లుతోందేమో చూసుకోవాలి. పరీక్షకు పంపు అద్దె ఎవరిదన్నది కూడా కాగితంలో ఉండాలి.

గోడ పూసేముందు ఇంకో పని. ప్రతి గోడనూ, పక్కన టేపు పెట్టి, ఫోనులో ఫొటో తీసుకోండి. రేపు అద్దం తగిలించడానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోయే మీ పైపును కాపాడుతుంది.

మధ్యలో మార్పులొస్తే...

వస్తాయి. రాకుండా ఇల్లు పూర్తికాదు. అమ్మాయి వచ్చి 'ఇక్కడ ఇంకో కొళాయి ఉంటే బాగుండు' అంటుంది. పెట్టించుకోండి. అయితే పని మొదలెట్టకముందే దానికెంతో అడిగి, 'ఉతికే చోట ఒక పాయింటు అదనం, ఇంత' అని మేస్త్రీకి ఫోనులో వాట్సప్ సందేశం పంపండి. ఆయన 'సరే' అంటే చాలు. చివర్లో అదనాలన్నీ ఒక్కచోట దొరుకుతాయి. అలాగే ఏదైనా పాయింటు వద్దనుకుంటే తగ్గేది కూడా రాసుకోవాలి. ఇంట్లో అదనపు పని చెప్పేది ఒక్కరే అయి ఉండాలి. నాన్నగారు ఒకటి, కొడుకు ఒకటి, కోడలు ఒకటి చెబితే మేస్త్రీ ఎవరి మాట వినాలి?

అప్పటికీ పేచీ వస్తే?

నోటిమాట ఒప్పందం చెల్లదనుకోవడం పొరపాటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటకూ విలువుంది. రుజువు చేయడమే కష్టం. తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలు, బిల్లులు, డబ్బు పంపిన వివరాలు, ఫోను సందేశాలు ఉంటే ఆ కష్టం తీరుతుంది. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. ఒప్పుకున్న డబ్బు యజమాని ఎగ్గొడితే మేస్త్రీని కాపాడేదీ ఆ కాగితమే.

కాగితంలో ఇవి ఉన్నాయా?

* ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు, తేదీ
* బాత్‌రూమ్, వంటింటి బొమ్మలు. పాయింట్ల సంఖ్య, పాయింటంటే ఏమిటో
* నీళ్ల లైను, మురుగు లైను, బిగింపు... దేనికెంతో విడివిడిగా
* ట్యాంకు జరపడం, గాలి గొట్టం పెంచడం, పాత లైనుకు కలపడం ఇందులో ఉన్నాయా, లేవా
* సామాను ఎవరిది, ఏ కంపెనీ, ఏ రకం, పన్ను కలిపా కాదా
* గాడులు పూడ్చడం, రంధ్రాలు, చెత్త ఎవరి పని
* ఏ దశలో ఎంత డబ్బు, ఏ పరీక్ష తర్వాత
* మొదలుపెట్టే రోజు, ముగించే రోజు. సామాను ఆలస్యమైతే ఏం చేయాలి
* అదనపు పని రేటు, అది చెప్పే అధికారం ఇంట్లో ఎవరిది
* కారితే ఎన్ని నెలల వరకు ఉచితంగా బాగుచేయాలి

ఇదంతా రాయడానికి ఒక సాయంత్రం, రెండు కప్పుల టీ చాలు. 'కాగితమడిగితే మేస్త్రీ ఏమనుకుంటాడో' అని మొహమాటపడక్కర్లేదు. పని తెలిసిన మేస్త్రీ సంతోషిస్తాడు. తనకు రావాల్సింది కూడా అందులోనే ఉంటుంది కదా! పని అయ్యాక కూడా ఆయనతో మీకు అవసరముంటుంది. ఏ పండగ పూటో, ఇల్లంతా చుట్టాలున్నప్పుడు కొళాయి ఊడిపోతే, ఫోన్ ఎత్తి 'వస్తున్నా సార్' అనాల్సింది ఆయనే.